పదికి తెచ్చిన అప్పు

ఇంటి అప్పును ఒకచోటి నుంచి ఇంకో బ్యాంకుకు మార్చాలా వద్దా అని మా ఇంట్లో రెండు నెలలు గొడవ నడిచింది. గొడవ అంటే అరిచింది నేనొక్కదాన్నే. మా ఆయన "సూద్దాం తియ్" అనేవాడు. పెళ్లయినప్పటి నుంచీ ఆయనకు ఆ ఒక్క మాటే వచ్చు. కరెంటు ఆఫీసులో ఉద్యోగం, రోజూ బోధన్ నుంచి నిజామాబాద్‌కు బస్సులో పోయి రావడం, వచ్చాక చాయ్ తాగి వరండాలో కాళ్లు చాపుకోవడం. నేను బోధన్‌లోనే ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచర్ని. లెక్కలు చెప్పీ చెప్పీ నాకు కోపం ఎక్కువైందని మా బడి పిల్లలు అనుకుంటారు. పాపం, లెక్కల తప్పేం లేదు. అది నాకు పుట్టుకతోనే వచ్చింది.

గొడవ మొదలైంది మా స్టాఫ్ రూములో. తోటి టీచర్ ఒకావిడ టిఫిన్ డబ్బా మూత తీస్తూ, తన తమ్ముడు ఇంటి లోన్ వేరే బ్యాంకుకు మార్చుకున్నాడనీ, పది శాతం ఉన్న వడ్డీ ఎనిమిదిన్నరకు దిగిందనీ మాటవరసకు అన్నది. నేను నా డబ్బా మూత పెట్టేశాను. మాదీ పది శాతమే. ఇల్లు కట్టి పదకొండేళ్లు. ఇరవై ఏళ్ల కిస్తులకు ఇరవై లక్షల పైచిలుకు తెచ్చాం. ఇంటికొచ్చి బీరువాలో కాగితాలు తీసి చూస్తే ఇంకా పద్నాలుగు లక్షలు బాకీ! పదకొండేళ్లు నెలకు ఇరవై వేలకు కాస్త తక్కువగా, ఒక్క నెల తప్పకుండా కట్టాక పద్నాలుగు లక్షలు! ఏటా ఎనిమిదో తరగతికి వడ్డీ లెక్కలు నేర్పేది నేనే. సొంత ఇంటి వడ్డీ ఏనాడూ బోర్డు మీద వేసి చూసుకోలేదు. నా మీద నాకే ఒళ్లు మండింది.

అయితే నా తాపత్రయమంతా ఆ కిస్తు గురించి కాదు. మా అత్తమ్మ గురించి.

అత్తమ్మ బీడీలు చేస్తుంది. పన్నెండేళ్ల వయసులో చాట ఒళ్లో పెట్టుకున్న మనిషి, అరవై మూడేళ్లు వచ్చినా దించలేదు. పొద్దున లేచింది మొదలు తునికాకు కత్తిరించడం, తంబాకు వేసి చుట్టడం, దారం కట్టడం. వంచిన మెడ వంచినట్టే ఉండిపోయింది. వేళ్ల కొసలు నల్లగా మారి సబ్బుకు లొంగడం మానేశాయి. దగ్గు మొదలైతే ఆగదు. డాక్టరు రెండుసార్లు గట్టిగా చెప్పాడు, ఈ పని మాన్పించండని. మాన్పించడం అంత సులువా! గృహప్రవేశం నాడు చుట్టాలందరి ముందు తనే అన్నది, "రేపటి సంది సాట ముట్ట. కొడుకు ఇల్లు కట్టిండు, ఇగ కూసోని తింట" అని. తెల్లారి చూస్తే బీడీ కార్ఖానాకు పోయి ముందుకన్నా ఎక్కువ ఆకు తెచ్చుకుంది. చిన్నప్పటి అలవాటు ఒక్కరోజులో ఎట్లా పోతుందిలే అనుకున్నాం.

అప్పటి నుంచి నెలనెలా బీడీల పైసలు, మూడు వేల దాకా, మా ఆయన చేతిలో పెట్టేది. "కిస్తుల ఏసుకో" అనేది. వద్దంటే అలిగేది. మానెయ్యమంటే మాత్రం ఒకటే జవాబు: "ఇంటప్పు తీరనియ్ బిడ్డా, అప్పుడు ఇడుస్త." ఆ అప్పు ఇంకా తొమ్మిదేళ్లు ఉంది. అప్పటికి ఆమెకు డెబ్బై రెండు. ఆ వేళ్లు, ఆ దగ్గు అప్పటిదాకా ఆగుతాయా? నేను వేసుకున్న లెక్క ఇది. బ్యాంకు మారిస్తే కిస్తు నెలకు పదకొండు వందలు తగ్గుతుంది. సాయంత్రాలు నాలుగు ట్యూషన్లు చెప్తే మిగతాది వస్తుంది. అప్పుడు అత్తమ్మ ముందు నిలబడి, నీ మూడు వేలు ఇక అక్కర్లేదు, చాట దించు అని చెప్పొచ్చు.

మా ఆయనకు మాత్రం భయం. "ఉన్నదాన్ని కదిలియ్యకు. ఇంటి కాయిదాలు ఒక్కోని చేతులకెల్లి ఇంకొక్కోని చేతులకు పోవాలె. నడుమ ఏమన్నయితే?" అనేవాడు. ఆయన తప్పు కూడా కాదు. వాళ్ల బాపు చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూకం వేసేవాడు. ఆ ఫ్యాక్టరీ నీడలో పెరిగి, అది మూతపడటం కళ్లారా చూసినవాడికి నిలకడగా ఉన్నదేదైనా ముట్టుకోవాలంటే చేతులు రావు. అది నాకు తెలుసు. తెలిసీ అరిచాను.

చివరికి ఒక శనివారం బడికి సెలవు పెట్టి నేనే నిజామాబాద్ బస్సెక్కాను. కొత్త బ్యాంకులో ఆఫీసరు, చిన్నవాడే, మర్యాదగా కూర్చోబెట్టి మాట్లాడాడు. ఎనిమిదిన్నరకు ఇస్తామనీ, పాత చోటి నుంచి బాకీ ఎంతుందో రాయించుకుని రమ్మనీ, ఫీజులూ స్టాంపు ఖర్చులూ కలిపి పదిహేను వేలు అవుతాయనీ చెప్పాడు. అక్కడి నుంచి ఆటోలో పాత ఆఫీసుకు పోయాను. నేను వెళ్లిపోతానంటున్నానని తెలియగానే అక్కడి మనిషికి ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. చాయ్ తెప్పించాడు.

"ఎందుకు మేడమ్ పోవుడు? చిన్న ఫీజు కట్టుండ్రి, ఇక్కన్నే తొమ్మిదింపావుకు తగ్గిస్తం."

"తగ్గియ్యొచ్చా? మల్ల ఇన్నేండ్లు ఎందుకు తగ్గియ్యలే?"

"మీరు అడగలే గద మేడమ్."

నేను ఆ చాయ్ ముట్టలేదు. ఏమన్నానో ఇక్కడ రాయను. పక్క టేబుళ్ల వాళ్లు పని ఆపి చూశారు. బస్సులో బోధన్ దాకా, అటూ ఇటూ చెరుకు తోటలు కదులుతుంటే, పళ్లు కొరుక్కుంటూనే వచ్చాను.

ఇంటికొచ్చేసరికి సాయంత్రమైంది. వాన పడి వెలిసింది. వరండాలో మా ఆయన కుర్చీలో ఉన్నాడు, అత్తమ్మ గోడకు ఆనుకుని చాటతో ఉంది. కాగితాలు నేల మీద పరిచి చెప్పడం మొదలుపెట్టాను. ఉన్నచోటనే ఉంటే తొమ్మిదింపావు, కొత్త దాంట్లో ఎనిమిదిన్నర, కొత్తదే మేలు అని. మా ఆయన "సూద్దాం తియ్" అన్నాడు. నేను గొంతు పెంచాను. "ఇంకెప్పుడు సూస్తవ్? పది నుంచి ఎనిమిదిన్నరకు వస్తదంటే సంబురపడవా?"

అత్తమ్మ తల ఎత్తకుండానే అందుకుంది.

"ఎనిమిదిన్నరనా? గదానికే గింత ఎగురుతున్నవా పిల్లా? ఈ ఊళ్లె ఏ సేటును అడిగినా రెండుకు ఇస్తడు. మస్తంటే మూడు. ఎనిమిదిన్నర అగ్గువ అంటవేంది? లెక్కల పంతులమ్మవు!"

నాకు చురుక్కుమంది. "రెండు ఏంది అత్తమ్మా?"

"నూటికి రెండు రూపాలు."

"నెలకా?"

"మల్ల నెలకు గాక దినానికా?"

మా దగ్గర బయట అప్పు ఎవరు తెచ్చినా మిత్తిని, అంటే వడ్డీని, నెల లెక్కనే చెప్పుకుంటారు. "రెండుకు తెచ్చిన" అంటే నూటికి నెలకు రెండు రూపాయలని అర్థం. పదికి తెచ్చానని ఎవరైనా అంటే ఆ మనిషి కొంప మునిగినట్టే. ఏడాదికి లెక్క చెప్పేది బ్యాంకులే. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా బ్యాంకు అప్పు తీసుకోని మనిషి మా అత్తమ్మ.

మెల్లగా అడిగాను. "మన ఇంటప్పు ఎంత మిత్తికి తెచ్చినమనుకుంటున్నవు అత్తమ్మా?"

"పదికి. నా శెవులార ఇన్న. గృహప్రవేశం నాడు వీడు దోస్తుతోని చెప్పుకుంటుండె, పదికే దొరికిందిరా అని, నవ్వుకుంట. నూటికి పది రూపాల మిత్తి నెత్తికెత్తుకొని నా కొడుకు ఎట్ల నవ్వుతున్నడో అనుకున్న. ఆ పూట బువ్వ సయించలే. తెల్లారి పోయి ఆకు ఇంకింత అడుక్కొచ్చుకున్న."

మా ఆయన చాపిన కాళ్లు దించాడు.

"అవ్వా! ఇల్లు కట్టెటంత అప్పు నూటికి పదికి తెస్తే బతుకుతమానే?"

"ఇల్లు కట్టెటంత ఎక్కడిదిరా? నెలకు ఇరువై వేలు కడుతున్నరు. అంటే తెచ్చింది రెండు లచ్చలు. కడుతున్నదంత మిత్తే, అసలు అట్లనే ఉన్నది. తక్కింది మీ బాపు ఫ్యాక్టరీ పైసలు, నీ జమ పైసలు అనుకున్న. అసలు ఎట్ల తీరుస్తరో ఏమో అని ఒకటే ఫికరు నాకు."

మనసులోనే లెక్క వేశాను. రెండు లక్షలు, నూటికి పది, నెలకు ఇరవై వేలు. ఒక్క పైసా తేడా లేదు. అది నా విద్యార్థి రాసిన జవాబైతే పూర్తి మార్కులు వేసేదాన్ని. ఆమె లెక్కలో ఆ అప్పు తొమ్మిదేళ్లకు కాదు, ఎన్నటికీ తీరేది కాదు. తీరదని తెలిసీ పదకొండేళ్లు రోజూ చాట ముందు కూర్చుంది. నేనేమో అదే ఇంట్లో, అదే వరండాలో, పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ, అలవాటు పోవట్లేదులే అని కసురుకున్నాను. సిగ్గుతో నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"పదకొండేండ్లల్ల ఒక్కనాడన్న అడగకపోతివి అవ్వా!" అన్నాడు మా ఆయన.

"ఏమని అడగాలెరా? ఎందుకు గంత మిత్తికి తెచ్చినవంటే నువ్వు సిన్నబోవా?"

నేను లేచి చాట దగ్గర కూర్చున్నాను. చుట్టి పెట్టిన కట్టలు ఉన్నాయి, కట్టకు ఇరవై ఐదు. నాలుగు కట్టలు తీసి ఆమె ముందు వరసగా పెట్టాను.

"ఇవి నూరు బీడీలు. ఇవే మనం తెచ్చిన నూరు రూపాలు. నువ్వనుకునే లెక్కల నెలకు ఎన్ని బీడీలు మిత్తి కట్టాలె?"

"పది."

"బ్యాంకోడు పది అడిగేది ఏడాదికి. పన్నెండు నెలలకు పది."

ఆమె నా ముఖం వంక చూసింది. ఆ తర్వాత కట్టల వంక చూసింది. ఒక కట్ట దారం విప్పి, పది బీడీలు లెక్కపెట్టి పక్కన పెట్టింది. వాటి పక్కనే నేల మీద వేలితో పన్నెండు గీతలు గీసింది. ఒక్కో గీత మీద ఒక్కో బీడీ పెట్టుకుంటూ పోయింది. రెండు గీతలు ఖాళీగా మిగిలాయి. వాటిని చాలాసేపు చూసింది.

"అంటే నెలకు ఒక్క బీడీ గూడ పడదా?"

"పడదు. ఎనభై మూడు పైసలు."

"రూపాయి కన్న తక్కువనా!"

"తక్కువే."

అరిచింది చూడండి మా అత్తమ్మ! చేతికందిన బీడీలన్నీ తీసి కొడుకు మీద విసిరింది. "ఓరి నీ ఇల్లు బంగారంగాను! పదకొండేండ్లు గోస పెట్టినవ్ గదరా! నోరు తెరిచి నెలకా ఏడాదికా చెప్తే నీ సొమ్మేం పోయె?" అంటూ విసురుతూనే నవ్వడం మొదలుపెట్టింది. దగ్గు వచ్చినా ఆపలేదు. మా ఆయన తల మీద బీడీలు, ఒళ్లో బీడీలు. ఆయనా నవ్వాడు. నేను మాత్రం ఏడ్చాను. గట్టిగానే ఏడ్చాను. నా ఏడుపు చూసి ఆమెకు ఇంకా నవ్వొచ్చింది.

నీళ్లు తాగి కుదుటపడ్డాక కొంగుతో కళ్లు తుడుచుకుని, ఏళ్లుగా వ్యాపారం చేస్తున్న మనిషి మాదిరిగా కూర్చుంది. "ఇగ జెప్పు. కొత్త బ్యాంకోడు ఎంతకిస్తడు, నా లెక్కల?"

"డెబ్బై పైసలు."

"పాతోడు తగ్గిస్తే?"

"డెబ్బై ఏడు."

"కొత్తోనికి మార్చే ఖర్చు?"

"పదిహేను వేలు."

"కిస్తు తగ్గుతదా, నెలలు తగ్గుతయా?"

"మన ఇష్టం. కిస్తు తగ్గితే నెలకు పదకొండు వందలు మిగుల్తయి. కిస్తు ముట్టకుంటే తొమ్మిది నెలలు ముందుగాల తీరుతది."

ఒక్క క్షణం కూడా తీసుకోలేదు. "కిస్తు మీకు అలవాటైంది. దాన్ని ముట్టకుండ్రి. నెలలు తగ్గియ్యుండ్రి. తొమ్మిది కిస్తులంటే తక్కువనా? పదిహేను వేలు పోతే పాయె. కొత్తోనికే పెట్టుండ్రి." మా ఆయన వైపు తిరిగి, "నువ్వు మల్ల సూద్దాం అన్నవంటే తంత" అన్నది.

రెండు నెలలు నేను గొంతు చించుకున్నా కాని పని రెండు నిమిషాల్లో అయిపోయింది. కానీ నా లెక్క మొత్తం తారుమారైంది. కిస్తు తగ్గనప్పుడు ఆమె మూడు వేలు వద్దని ఏ ముఖం పెట్టుకుని చెప్పను? భయపడుతూనే అడిగాను. "మల్ల నువ్వు అత్తమ్మా?"

"నేనేంది? ముప్పావు బీడీ మిత్తికి నేనెందుకు నడుం ఇరగ్గొట్టుకుంట? ఇంట్ల ఉన్న ఆకు అయిపోనియ్. ఇడుస్త."

ఆ మాట ఇంతకుముందు ఒకసారి విన్నదాన్నే కదా. సరేనన్నాను కానీ నమ్మలేదు.

సంతకాల రోజు తనూ వస్తానన్నది. మంచి చీర కట్టుకుని, బస్సులో కిటికీ పక్కన కూర్చుని వచ్చింది. బ్యాంకులో ఆఫీసరు కాగితాలు ముందు పెట్టి ఎనిమిదిన్నర శాతం అనగానే ఆపింది. "గట్ల కాదు బిడ్డా. నూటికి నెలకెంతనో చెప్పు." అతను నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను. అతను కాలిక్యులేటర్ తీసి నొక్కి, "డెబ్బై పైసలు పడుతది అవ్వా" అన్నాడు. "ఆఁ, గిట్ల చెప్పాలె. అందరికి గిట్లనే చెప్పు" అన్నది. వెనక కుర్చీల్లో ఎదురుచూస్తున్న ఒక రైతు లేచి ముందుకొచ్చి, "సార్, మల్ల నాది నెలకెంత పడుతది?" అని అడిగాడు. అతని వెనక ఇంకొకరు లేచారు. మేం బయటికి వచ్చేసరికి ఆఫీసరు టేబుల్ చుట్టూ ఐదుగురున్నారు.

ఇంటి కాగితాలు పాత ఆఫీసు నుంచి కొత్త బ్యాంకుకు చేరేదాకా, ఆ వారం రోజులూ మా ఆయన ఇద్దరికీ ఫోన్లు చేసి చేసి విసిగించాడు. చేరాయని తెలిశాక స్వీట్లు తెచ్చాడు. అప్పు తీరినందుకు కాదు, కాగితాలు పోనందుకు.

ఇంట్లో ఆకు అయిపోయింది. ఆఖరి కట్టలు కార్ఖానాలో ఇచ్చి వస్తానని అత్తమ్మ సంచి పట్టుకుని పోయింది. ఆ రోజు నేను బడిలో ఏం చెప్పానో నాకే గుర్తులేదు. సాయంత్రం గబగబా ఇంటికి వచ్చి ముందు సంచి చూశాను. ఖాళీగా ఉంది. అయినా రేపు పోతుందేమో, ఎల్లుండి పోతుందేమో అని లోపల గుబులు. ఆమె ఆ తర్వాతి మూడు రోజులూ కాలు ఒకచోట నిలపలేదు. వాకిలి రెండుసార్లు ఊడ్చింది. ఏరిన బియ్యమే మళ్లీ ఏరింది. కూర్చుంటే చాలు, బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే ఒకదాన్నొకటి రాసుకునేవి.

నాలుగో రోజు ఆషాఢం మొదలైంది. పక్కింటి దర్జీ వాళ్ల కోడలు, రంజాన్‌కు వీధి మొత్తానికి మెహందీ పెట్టే మనిషి, ఏటా ఆషాఢంలో నాకు పెడుతుంది. ఆ సాయంత్రం రెండు కోన్‌లు పట్టుకుని వచ్చింది. నేను చేయి చాపబోయేలోగా అత్తమ్మ జరిగి జరిగి మా దగ్గరకు వచ్చింది.

"నాకు గూడ పెడతవా బిడ్డా?"

మేమిద్దరం ముఖాలు చూసుకున్నాం. అత్తమ్మే మళ్లీ అన్నది. "నా లగ్గానికి పెట్టిండ్రు. మల్ల పెట్టుకోనే లే. గంటసేపు చేతులు ఊకె పెట్టుకుంటే ఎన్ని బీడీలు పోతుండె! ఇప్పుడు మొగడు లేనిదానికి గోరింటాకు ఏందని ఎవలన్న అంటే అననియ్."

"అననియ్ పెద్దమ్మా, ఎవరంటరో నేను సూస్త" అని ఆ అమ్మాయి ఆమె అరచేయి తన మోకాలి మీదకు లాక్కుంది. పూవులు, తీగెలు, ఆకులు. నల్లబడిన వేళ్ల కొసలను టోపీలు తొడిగినట్టు నిండుగా కప్పేసింది. రెండు చేతులకూ పెట్టించుకున్నాక అత్తమ్మ వాటిని మోకాళ్ల మీద వెల్లకిలా పెట్టుకుని గోడకు ఆనుకుంది.

తినే వేళయింది. పప్పన్నం కలిపి నేనే తినిపించాను. నోరు తెరిచి పెట్టించుకుంటూ, "ముద్దలు గింత సిన్నగ పెడుతున్నవ్, పిసినారిదానా" అని నన్ను తిట్టింది. నవ్వాపుకుంటూ పెద్ద ముద్దలు పెట్టాను. తినడం అయ్యింది. మెహందీ ఎండి పొరలు పొరలుగా రాలుతోంది. మా ఆయన చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఎండింది అవ్వా, కడుక్కో."

ఆమె చేతులు కదపలేదు.

"గప్పుడే ఏం తొందరరా? ఇంకింతసేపు ఊకె ఉండనియ్."